అరుదైన ఇంగ్లీషు మాటలకు ఆంకీ: కార్డు ఎలా రాస్తామన్నదే అసలు సంగతి

ఆంకీ ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్. కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం, ఐఫోన్‌లో మాత్రం కొనుక్కోవాలి. నేర్చుకున్న మాట మరుపున పడబోయే వేళకు దాన్ని మళ్లీ తెచ్చి అడగడం దీని పని. ఆ పనిలో దీనికి వంక పెట్టలేం. కానీ మాటను ఎక్కడ, ఎలా వాడాలో ఇది నేర్పదు. కార్డు మీద ఏం రాస్తే దాన్నే నూరిపోస్తుంది, తప్పు రాస్తే తప్పునే.

అందుకే ఒకవైపు మాట, రెండోవైపు తెలుగు అర్థం ఉండే కార్డులు వద్దు. 'అవెర్స్', 'అడ్వెర్స్' రెండింటికీ 'ప్రతికూలం' అని రాసుకుంటే జవాబు ప్రతిసారీ ఒప్పవుతుంది, వాక్యం రాసేటప్పుడే బోల్తా పడతారు. అవెర్స్ మనిషి అయిష్టాన్ని చెబుతుంది, వెంట 'టు' వస్తుంది: 'షి ఈజ్ అవెర్స్ టు రిస్క్'. అడ్వెర్స్ పరిస్థితులకూ ఫలితాలకూ వాడేది: 'అడ్వెర్స్ ఎఫెక్ట్స్'. 'కండైన్' సంగతి మరీ విడ్డూరం. 'తగిన' అని అర్థం రాసుకుని 'కండైన్ రివార్డ్' అంటే చదివేవాళ్లు ఆగిపోతారు. ఈ రోజుల్లో అది దాదాపుగా 'పనిష్‌మెంట్' పక్కనే కనిపిస్తుంది.

దీనికి మందు ఆంకీలోనే ఉన్న, ఖాళీలు పూరించే 'క్లోజ్' (Cloze) రకం నోట్. లెర్నర్స్ డిక్షనరీ నుంచి ఒక ఉదాహరణ వాక్యం తీసుకుని, మాటను సెలెక్ట్ చేసి క్లోజ్ బటన్ నొక్కితే అక్కడ ఖాళీ వస్తుంది. 'టు'కి రెండో ఖాళీ పెడితే దానికి వేరే కార్డు తయారవుతుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: 'అడ్వెర్స్' ఉండాల్సిన ఖాళీలో 'హార్మ్‌ఫుల్' కూడా ఇమిడిపోతుంది. కాబట్టి మొదటి అక్షరాన్ని హింట్‌గా ఇవ్వాలి. 'నాన్‌ప్లస్డ్' లాంటి మాటకు వెనకవైపు ఒక హెచ్చరిక కూడా రాసుకోండి. అసలు అర్థం దిక్కుతోచని స్థితి, అయినా అమెరికాలో కొందరు 'చలించని' అనే అర్థంలో వాడతారు.

రోజుకు 20 కొత్త కార్డులన్నది ముందే ఉండే సెట్టింగ్. ఇలాంటి మాటలకు అది ఎక్కువ, 5కి తగ్గించండి. ప్రతి కొత్త కార్డూ రాబోయే వారాల్లో పదే పదే తిరిగొస్తుంది, నెల తిరిగేసరికి రివ్యూలు గుట్టపడతాయి.

బటన్ల విషయంలో నిక్కచ్చిగా ఉండాలి. మాట గుర్తురాకపోతే 'ఎగైన్' నొక్కాలి. 'హార్డ్' అంటే కష్టపడి గుర్తు తెచ్చుకున్నానని అర్థం, ఆంకీ దాన్ని పాస్ కిందే లెక్కేస్తుంది. మరిచిపోయి కూడా హార్డ్ నొక్కుతూ పోతే, ఏ కార్డు ఎప్పుడు తిరిగి రావాలో లెక్కగట్టే, 2023లో ఆంకీలో చేరిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ షెడ్యూలర్ గడువులన్నీ గాడి తప్పుతాయి.

ఒక కార్డు 8 సార్లు తప్పితే ఆంకీ దానికి 'లీచ్', అంటే జలగ, అని గుర్తు వేస్తుంది. అలాంటి కార్డును మళ్లీ మళ్లీ బట్టీ పట్టకండి. చాలావరకు దాన్ని పోలిన ఇంకో మాటే అడ్డు తగులుతుంటుంది. ఆ రెండింటి తేడా తేలిపోయే కొత్త వాక్యం వెతికి కార్డు తిరగరాయండి.