జన్నారం అడవి అంచున ఒక విడిది: గదికి మంచి మార్కులు, సాయంత్రానికి కావు

గత ఫిబ్రవరిలో కుటుంబంతో కలిసి కవ్వాల్ అడవి చూడటానికి వెళ్లి, మంచిర్యాల జిల్లా జన్నారం సమీపంలోని ఒక ప్రైవేటు విడిదిలో రెండు రాత్రులు ఉన్నాం. హనుమకొండ నుంచి కరీంనగర్, ధర్మపురి మీదుగా వెళ్లి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్షెట్టిపేట నుంచి జన్నారం దారి పట్టాం. యజమానితో తగవు పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు కనుక విడిది పేరు రాయడం లేదు.

గది శుభ్రంగా ఉంది. వేడినీళ్లకు, దోమతెరకు ఇబ్బంది లేదు; టీవీ లేకపోవడం పిల్లలకు తప్ప మా ఇద్దరికీ నచ్చింది. రాత్రి భోజనంలో పెట్టిన జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు మళ్లీ అడిగి వడ్డించుకునేంత రుచిగా ఉన్నాయి. ఉదయం సఫారీలో చుక్కల దుప్పులు, నెమళ్లు, ఒక మనుబోతు కనిపించాయి. పులి కనిపించలేదు, కనిపిస్తుందని ఆశపడి వెళ్లకూడదు కూడా. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌లో కోర్ ప్రాంతమే, అంటే పులుల కోసం కేటాయించిన లోపలి అడవే, సుమారు 892 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ రక్షణవలయంగా ఉండే బఫర్ మరో 1,123 చదరపు కిలోమీటర్లు. ఇంత అడవి ఉన్నా ఇక్కడికి పులులు ప్రధానంగా మహారాష్ట్రలోని తడోబా పులుల అడవి వైపు నుంచి వచ్చిపోతుంటాయి. విడిది కరపత్రం మాత్రం ముఖచిత్రంగా పులినే వేసుకుంది.

నా అసలు అభ్యంతరం రెండో సాయంత్రం గురించి. నెగడు వేసి, కుర్చీలు గుండ్రంగా పరిచి, ‘గిరిజన సాంస్కృతిక సంధ్య’ పేరుతో గుస్సాడీ ఆడించారు. ఈ ప్రాంతపు ఆదివాసీలైన రాజ్‌గోండులకు గుస్సాడీ నృత్యం వినోదం కాదు, దీక్ష. దీపావళి వేళ దండారీ పండుగలో, ఒంటికి బూడిద పూసుకుని, నెమలి ఈకల టోపీ పెట్టుకుని, నియమంతో ఊరూరా తిరిగి ఆడతారు. ఆ నృత్యానికి జీవితమంతా ఇచ్చిన మర్లవాయి వాసి కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. మాఘమాసంలో, తినుబండారాల ప్లేట్ల మధ్య ఆ టోపీని చూడటం నాకు ఇబ్బందిగా అనిపించింది. ఆడిన నలుగురిలో ఒకరి టోపీకి ప్లాస్టిక్ ఈకలు కుట్టి ఉన్నాయి. తాము గోండులం కాదని, ఒక్కో ఆటకు కూలి మాట్లాడుకుని వస్తామని తర్వాత వారే చెప్పారు. వారిని తప్పుపట్టలేను.

మా గదికి నీళ్లు తెచ్చిన యువకుడిది, కోర్ ప్రాంతం నుంచి తరలి వచ్చిన కుటుంబమట. కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలను 2024లో మద్దిపడగ దగ్గరికి తరలించిన సంగతి పత్రికలు చదివేవారికి గుర్తుండే ఉంటుంది. మొత్తం 142 కుటుంబాల్లో 94 కుటుంబాలు ఇల్లు, సాగుభూమి తీసుకోగా, 48 కుటుంబాలు 15 లక్షల రూపాయల చొప్పున నగదు కోరుకున్నాయి. ‘అక్కడ ఎలా ఉంది తమ్ముడూ?’ అని అడిగితే, ‘ఇల్లు మంచిగనే ఉన్నది సార్. రోడ్డున్నది, కరెంటున్నది. అమ్మకే పొద్దు పోతలేదు, ఇప్పపువ్వు ఏరే కాలమొస్తే మాటిమాటికి తొవ్వ దిక్కు చూస్తది’ అన్నాడు. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి తరలింపునకు గ్రామసభ సమ్మతి తప్పనిసరి, కానీ ఆ అమ్మ ఎదురుచూసే ఇప్పచెట్టును ఏ పరిహారంలో లెక్కగడతారో నాకు తెలియలేదు.

మేనేజరు దృష్టి మాత్రం వేరే లెక్క మీద ఉంది. తడోబా, కవ్వాల్‌ల మధ్య పులులు తిరిగే దారిలోని ఆసిఫాబాద్ అడవులను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా (రక్షిత ప్రాంతంగా) ప్రకటిస్తూ 2025 మే 30న వచ్చిన 49వ నంబరు జీవోను, ఆదివాసీల ఆందోళన తర్వాత జూలైలో ప్రభుత్వం నిలిపివేసింది. ‘అది అమలైతే ఇక్కడ గదుల ధర రెట్టింపయ్యేది సార్’ అని ఆయన నొచ్చుకున్నారు. పులుల రాకపోకలకు ఆ దారి అవసరమని నేనూ నమ్ముతాను. అయినా అడవి కాపాడటం వల్ల వచ్చే లాభం విడిదికీ, నష్టం ఊరికీ పంచే లెక్కను ఎవరూ మెచ్చుకోలేరు.

గదికి, భోజనానికి ఐదుకు నాలుగు ఇస్తాను. సాయంత్రపు కార్యక్రమానికి ఒకటి కూడా ఎక్కువే. వెళ్లాలనుకునేవారు గది తీసుకుని ఆ సంధ్యను వద్దని ముందే చెప్పండి. గుస్సాడీ చూడాలంటే దీపావళి రోజుల్లో ఉట్నూరు, జైనూరు వైపు గూడేలకు పెద్దల అనుమతి తీసుకుని వెళ్లవచ్చు. మా బిల్లులో సాంస్కృతిక కార్యక్రమం కింద తలకు 300 రూపాయలు వేశారు. అందులో ఆడినవారికి ఎంత ముట్టిందని అడిగితే, కౌంటర్ దగ్గరి వ్యక్తి చిల్లర లెక్కపెట్టడంలో మునిగిపోయారు.