నల్లగొండలో కుక్కపిల్లకు లూజు మేత కొంటున్నారా? ముందు ఇది చదవండి

రాత్రి పదకొండయింది. మా కుక్కపిల్ల బెల్లం ఇప్పుడే నిద్రపోయింది. సెలైన్ ఎక్కించిన ముంగాలికి ప్లాస్టర్ ఇంకా అలాగే ఉంది. కోపం చల్లారకముందే ఇది రాసేయాలి. తెల్లారితే నేనే "పోనీలే" అనేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

దుకాణం పేరు రాయను. మన ఊళ్లో కుక్కను పెంచేవాళ్లకు రాయాల్సిన పని కూడా లేదు. ముందు చేపల తొట్లు, పైన పక్షుల పంజరాలు, కౌంటర్ వెనక మూతి విప్పిన బస్తాలు. అందులో నవ్వుతూ పలకరించే పెద్దమనిషి. మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ గొలుసో పట్టీనో కొనే ఉంటారు.

విషయం క్లుప్తంగా చెబుతాను. పోయిన నెల మా ఇంటికి లాబ్రడార్ పిల్ల వచ్చింది. రంగు చూసి మా అమ్మాయి బెల్లం అని పేరు పెట్టింది. రెండున్నర నెలల వయసు, ఏడు కిలోల బరువు, రోజుకు పావు కిలో దాకా తింటుంది. తెచ్చినప్పుడు ఇచ్చిన ప్యాకెట్ అయిపోయింది. సీలు వేసిన పిల్లల మేత కిలో 260 రూపాయలు పడుతోంది. ఈయన దగ్గర లూజుగా 140. పోయిన ఆదివారం వెళ్లి అడిగాను: "అన్నా, ఇది పిల్లలదేనా? తాజాదేనా?"

ఆయన ఏమీ మాట్లాడలేదు. బస్తాలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీశాడు. ఒకటి నోట్లో వేసుకుని కరకరా నమిలాడు. "చూడండి సార్, మనిషి తినేంత బాగుంది. మీ పిల్లకు పెట్టేది నేను తినకుండా ఇస్తానా?" అన్నాడు.

నేను పడిపోయాను. ఒప్పుకుంటున్నాను. ఒక మనిషి కుక్క మేత నమిలి మింగి చూపిస్తే ఇంకేం అడుగుతాం? బస్తా మీద ఏముందో చూపించమని అడగాలన్న ఆలోచనే రాలేదు. బస్తా ముఖం గోడ వైపు తిప్పి ఉంది. అది కళ్లకు కనిపించింది కానీ బుర్రకు ఎక్కలేదు. అయిదు కిలోలు తూయించుకున్నాను. పైగా "లాబ్రడార్ కదా సార్, కాళ్లు గట్టిపడాలి" అని ఒక కాల్షియం సీసా కూడా అంటగట్టాడు. బిల్లు అడిగితే "మనలో మనకు బిల్లెందుకు సార్" అన్నాడు. అదీ నిజమే అనిపించింది చూడండి!

అన్నిటికంటే సిగ్గుచేటు ఏమిటంటే, ప్రతి వానాకాలం మా తమ్ముడికి పాఠం చెప్పేది నేనే. "లూజు పత్తి విత్తనాలు కొనకు, సీలు చూడు, లాట్ నంబరు చూడు, రసీదు తీసుకో, పంట చేతికొచ్చేదాకా ఖాళీ సంచి పారేయకు." పదేళ్లుగా ఇదే పాట. వాడు నకిలీ విత్తనంతో ఒకసారి మోసపోయినప్పుడు "చదువుకున్నావు కదా, ఆ మాత్రం చూసుకోవద్దా" అని తిట్టింది కూడా నేనే. ఈ రోజు వాడికి ఫోన్ చేయలేదు. ఏ ముఖం పెట్టుకుని చేయను?

రెండు రోజులు బాగానే తిన్నది. బుధవారం విరేచనాలు మొదలయ్యాయి. గురువారం రాత్రి పసుపుపచ్చ నురుగు కక్కుకుంది. శుక్రవారం పొద్దున లేవనే లేదు. గిన్నె చప్పుడైతే చాలు పరుగెత్తుకొచ్చే పిల్ల, తోక ఒక్కసారి ఆడించి మళ్లీ తల వాల్చేసింది. పశువుల దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు ముందు పార్వో అన్నారు, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. ఆ మాట వినగానే మా అమ్మాయి గోడకు ముఖం పెట్టుకుని నిలబడిపోయింది. కిట్టు బయట కొనుక్కొచ్చి పరీక్ష చేయిస్తే లేదని తేలింది.

అప్పుడు డాక్టరమ్మ అడిగారు, ఏం పెడుతున్నారని. కవరు వెంట తీసుకెళ్లాను, అదొక్కటే నేను చేసిన తెలివైన పని. ఆమె గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, కాసేపు మూసి ఉంచి, విప్పి వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు. పండగకు బజ్జీలు వేయించి మూలన మరిచిపోయిన నూనె మూకుడు వాసన. ముక్కిన కంపు. అయిదు రోజులుగా ఇంట్లో ఉన్న కవరు, నేను ఒక్కసారీ వాసన చూడలేదు.

డాక్టరు చెప్పినవన్నీ గుర్తున్నంతవరకు రాస్తున్నాను. ఈ గింజల పైన కొవ్వు పూస్తారట. బస్తా మూతి విప్పి నెలల తరబడి గాలికి, ఎండకు పెడితే ఆ కొవ్వు ముక్కిపోతుంది. మన ఊరి ఎండలకు, రేకుల షెడ్డు కింద ఇంకా త్వరగా పాడవుతుంది. తేమ తగిలితే బూజు. మొక్కజొన్న కలిసిన మేతకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కుక్కల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడకబెట్టినా పోదు. గింజల సైజు, గట్టిదనం చూసి "ఇది పిల్లలది కాదు, పెద్ద కుక్కలదిలా ఉంది" అన్నారు. పెద్దవాటి మేత నాలుగు రోజులు తింటే ప్రాణం పోదు కానీ, ఎదిగే పిల్లకు అది చాలదు. నీరు తీసేసి లెక్కిస్తే పెద్ద కుక్కలకు 18 శాతం మాంసకృత్తులు ఉంటే సరిపోతుంది, పిల్లలకు కనీసం 22.5 శాతం కావాలి. ఈ కంపు మేత వల్లే జబ్బు చేసిందని రాసివ్వమని అడిగితే "నూటికి నూరుపాళ్లు అలా చెప్పలేను, పరీక్షకు పంపితే తప్ప" అన్నారు. నిజాయితీగా చెప్పారు, కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. పాత మేత ఆపేసి ఒక్క పూటలో కొత్తది పెట్టడం కూడా తప్పేనట. వారం పది రోజులు కలుపుతూ మార్చాలట. అది పూర్తిగా నా తప్పు.

కాల్షియం సీసా చూసి మాత్రం ఆమెకు కోపం వచ్చింది. పెద్ద జాతి పిల్లల పేగులు ఎక్కువైన కాల్షియాన్ని వద్దనలేవు, ఎక్కువ ఇస్తే ఎక్కువే లోపలికి తీసుకుంటాయి, ఎముకలు వంకర్లు పోవచ్చు అన్నారు. సీలు ప్యాకెట్ పిల్లల మేతలో కావాల్సింది ఎలాగూ ఉంటుందట. కాళ్లు గట్టిపడాలని కొన్న సీసా అది.

ఇక ఈ రోజు, శనివారం. అసలు రాయాల్సింది ఇదే.

సాయంత్రం దవాఖాన నుంచి తిన్నగా దుకాణానికి వెళ్లాను. పిల్ల నా చేతుల్లోనే ఉంది. కవరు కౌంటర్ మీద పెట్టి జరిగింది చెప్పాను. చేపలకు మేత వేస్తున్నవాడు వేస్తూనే ఉన్నాడు, ఇటు తిరగలేదు. "వీధి కుక్కలు ఏం తిని బతుకుతున్నాయి సార్? మీరే గారాబం చేసి కడుపు పాడుచేసి ఉంటారు" అన్నాడు. కొన్నది ఆయన దగ్గరేనని ఏమిటి రుజువు, బిల్లు ఏది అన్నాడు. మనలో మనకు బిల్లెందుకని అన్న నోరే.

నేను అరవలేదు. అరవడం నాకు రాదు. కవరు ముడి విప్పి ఒక గింజ తీసి ఆయన ముందు పెట్టాను. "అన్నా, ఆ రోజు తిన్నావు కదా. ఇప్పుడు ఇది ఒక్కటి నములు. నమిలితే నేను మారు మాట్లాడకుండా వెళ్లిపోతాను" అన్నాను.

గింజ వైపు చూశాడు. నా వైపు చూశాడు. గొలుసు కొనడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఆయన వైపు చూశారు. అప్పుడు, కళ్లు కూడా ఆర్పకుండా, "ఈ రోజు శనివారం సార్, ఒక్కపొద్దు. నీచు ముట్టను" అన్నాడు.

ఆయన మోచేతి పక్కన పేపరులో గుడ్డు బజ్జీ ఉంది. సగం కొరికినది. పచ్చసొన ఇటే చూస్తోంది.

కుర్రాళ్లలో ఒకడు ఫక్కున నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చేతుల్లో పిల్ల వేడిగా ఉంది. కౌంటర్ పక్కనుంచి లోపలికి వెళ్లి ఆ బస్తాను ఇటు తిప్పాను. పెద్ద కుక్కలకని అంత పెద్ద అక్షరాలతో ఉంది, బొమ్మ కూడా ఎదిగిన కుక్కదే. తేదీలు ఉండాల్సిన చోట ఏదో పెట్టి రుద్దేసిన తెల్లటి మరక. ఫోటో తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి "దుకాణం మూసే టైమయింది" అన్నాడు. అప్పుడు ఆరున్నర.

లెక్క కూడా చెబుతాను, నవ్వుకోండి. మేతలో మిగుల్చుకున్నది 600 రూపాయలు. కిట్టు, సెలైన్లు, సూదులు, మందులు కలిపి ఇప్పటికి 3,150. రేపు ఇంకో సెలైన్ ఉంది.

సలహాలు ఇచ్చే అర్హత నాకు ఎంత ఉందో మీకే తెలిసిపోయింది. అయినా నాలుగు మాటలు. పెద్ద ప్యాకెట్ ధర భారమైతే చిన్న సీలు ప్యాకెట్ కొనండి, లూజు వద్దు. ప్యాకెట్ మీద తయారైన నెల, సంవత్సరం, తయారుచేసినవాళ్ల చిరునామా, గరిష్ఠ ధర ఉండాలని చట్టమే చెబుతోంది. లాబ్రడార్ లాంటి పెద్ద జాతి అయితే అదే మాట రాసి ఉన్న పిల్లల మేత అడగండి. ఖర్చు తగ్గించుకోవడానికి సీలు మేతలో ఉడికించిన గుడ్డో, ఎముకలు తీసేసిన కోడి మాంసమో కొద్దిగా కలపవచ్చని డాక్టరు చెప్పారు. పూర్తిగా అన్నం మీద పెంచితే ఎదిగే పిల్లకు చాలదట. ఆవుపాలు మా పిల్లకు వద్దన్నారు, విరేచనాలు పెరుగుతాయని. బిల్లు మాత్రం తీసుకోండి. బిల్లుంటే 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. నా దగ్గర ఫోనులో 700 రూపాయలు చెల్లించిన ఆధారం ఒక్కటే ఉంది. దాంతోనే ప్రయత్నిస్తాను.

మిగిలిన దాదాపు నాలుగు కిలోలు ముడివేసి అటక మీద పెట్టాను. మా అమ్మాయి దాని మీద స్కెచ్ పెన్నుతో పుర్రె బొమ్మ గీసింది. ఎల్లుండి ఆ కవరుతో మళ్లీ వెళ్తున్నాను. ఎల్లుండి సోమవారం. ఈసారి పానగల్ శివాలయంలోని ఛాయా సోమేశ్వరుడి పేరు చెబుతాడేమో.