పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా: 38 టైరు, 45 టైరు, మన ఎర్ర గ్రావెల్

మా వైపు గ్రావెల్ అంటే ఎర్ర మొరం. కాంట్రాక్టర్లు లారీల్లో తెచ్చి పోయించి, నీళ్లు చల్లించి, రోలరు తిప్పిస్తారే, అది. ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి ఆ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గ్రావెల్ బైకు (తారు మీదా మట్టిదారుల మీదా తొక్కే సైకిలు) కొన్నాక టైర్ల గురించి చాలా చదివాను, చాలా వీడియోలు చూశాను. కానీ అవన్నీ వేరే దేశాల కంకర దారుల గురించి చెప్పినవి. మన మొరం మీద ఏ వెడల్పు నిలబడుతుందో, టైరు మీద ఎలాంటి గుబ్బలు పనికొస్తాయో తొక్కి చూస్తేనే తెలుస్తుందని డిసెంబరులో మా బావా నేనూ బయలుదేరాం. పర్లాకిమిడి, ఆర్.ఉదయగిరి, మోహన, చంద్రగిరి, తప్తపాణి, బరంపురం. మూడు రోజులు, రెండు రాత్రులు.

నా సైకిలుకు 700×38 టైర్లు, అంటే 38 మిల్లీమీటర్ల వెడల్పువి. మధ్యలో నున్నగా, అంచుల్లో చిన్న గుబ్బలతో ఉండే సెమీ స్లిక్ రకం. లోపల ట్యూబులు. బావవి 700×45, అంతటా దగ్గర దగ్గరగా చిన్న గుబ్బలు, ట్యూబ్‌లెస్ (ట్యూబు ఉండదు, చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం పోస్తారు). నేను 74 కిలోలు, బావ 78. బ్యాగులు ఇద్దరివీ దాదాపు ఒకే బరువు. గాలి నేను ముందు 45, వెనక 50 పీఎస్ఐ పెట్టాను. బావ 28, 32 పెట్టాడు. అంత తక్కువ గాలితో ఘాట్ ఎలా ఎక్కుతాడో చూద్దామనుకున్నాను.

ముందు రోజు ట్రయల్ కోసం గండాహతి జలపాతం వైపు వెళ్లి వచ్చాం. ఊరికి ఓ 30 కిలోమీటర్లు. డిసెంబరులో నీళ్లు తగ్గుతాయి గానీ జనం తక్కువ, చెట్ల నీడ బాగుంటుంది. తినడానికి ఇంటి నుంచే పట్టుకెళ్లడం మంచిది.

మొదటి రోజు తారు రోడ్డు మీద నాదే పైచేయి. ఘాట్ ఎక్కుతుంటే బావ టైర్లు తేనెటీగల్లా జుమ్మని మోగుతున్నాయి, నావి చప్పుడు చేయకుండా దొర్లుతున్నాయి. అయితే మరీ అంత తేడా ఏమీ రాలేదు. పైకి చేరేసరికి నాలుగైదు నిమిషాలు వెనకబడ్డాడు, అంతే. సవర గ్రామాలు మొదలయ్యాక రోడ్డు పక్కన కొత్తగా వేస్తున్న దారులు కనిపించాయి. మెయిన్ రోడ్డు వదిలేసి కావాలనే వాటిలోకి దిగాం. అసలు పరీక్ష అక్కడ మొదలైంది.

రోలరు తిరిగిన మొరం అడుగున సిమెంటులా గట్టిగా ఉంటుంది. దాని మీద గోలీకాయల్లాంటి రాళ్లు విడిగా పరుచుకుని ఉంటాయి. గుబ్బలు నేలలోకి దిగితేనే కదా పట్టు దొరికేది, ఈ నేలలోకి అవి దిగవు. ఇక్కడ టైరును కాపాడేది వెడల్పు, తక్కువ గాలి. బావ టైరు ప్రతి రాయి చుట్టూ సర్దుకుని పోతోంది. నాది రాయి మీదకెక్కి పక్కకు జారుతోంది. తిన్నగా పోయినంతసేపూ ఇబ్బంది లేదు. మలుపులో సైకిలు కాస్త వంచగానే ముందు చక్రం కదిలిపోయి గుండె ఝల్లుమంది. అంచు గుబ్బలు పట్టుకున్నాయి కాబట్టి పడలేదు. ఈ నేలకు మధ్యలో గుబ్బలు లేకపోయినా ఫర్వాలేదు, అంచుల్లో మాత్రం ఉండి తీరాలి.

ఆ దిగుడులోనే కల్వర్టు దగ్గర, కాంక్రీటు అంచు మొరం కంటే రెండంగుళాలు ఎత్తుగా ఉన్నచోట, వెనక చక్రం టక్కుమని తగిలింది. పది గజాలు పోయేసరికి గాలి మొత్తం పోయింది. స్పేర్ ట్యూబు వేసుకుని, చిల్లుపడిన దాన్ని మోహనకు ముందు ఒక చిన్న సెంటర్లోని పంక్చర్ షాపులో ఇచ్చాను. ఆయన నీళ్ల తొట్టిలో ముంచి చూపించాడు. అంగుళం దూరంలో పక్కపక్కనే రెండు బుడగల వరసలు, అచ్చం పాముకాటులా. రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగితే పడే చిల్లులు ఇవి. ముల్లు గుచ్చుకుంటే ఒక్కటే పడుతుంది. షాపాయన తెలుగువాడే, టెక్కలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడట. బావ టైరు బొటనవేలితో నొక్కి చూసి, "ఇదేటి బాబూ, ఇంత లావు టైరుకి ఇంతే గాలా?" అని ఆశ్చర్యపోయాడు. ట్యూబే లేదని చెబితే సీలెంట్ సీసా అడిగి తీసుకుని వాసన చూశాడు. రెండు ప్యాచ్‌లూ ఎంత శ్రద్ధగా గీకి, సొల్యూషన్ ఆరనిచ్చి అంటించాడంటే, అవి ఇప్పటికీ ఊడలేదు.

ఈ దారిలో సర్వీసు గురించి చెప్పాల్సింది ఇక్కడే ఉంది. పంక్చర్ షాపులకు కొదవ లేదు, కానీ అక్కడ మన సైజు సామాను దొరకదు. మామూలు 28 అంగుళాల సైకిలు రిమ్ము 635 మిల్లీమీటర్లు, మన 700సీ రిమ్ము 622. ఆ టైరు దీనికి ఎక్కదు. దాని ట్యూబు సాగదీసి ఇరికిద్దామన్నా, ఆ లావు వాల్వ్ మన సన్న వాల్వ్ రంధ్రంలో పట్టదు. కంప్రెసరు గొట్టం కూడా సన్న వాల్వ్‌కు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఏ లారీ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. రెండు స్పేర్ ట్యూబులు, అడాప్టర్, టైరు చిరిగితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క, ఈ మూడూ లేకుండా ఈ కొండల్లోకి రావద్దు. ట్యూబ్‌లెస్ వాళ్లు సీలెంట్ చూసుకుని బయలుదేరాలి. మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది.

ఆ రాత్రి బస చేసిన లాడ్జి గురించి మంచిమాట చెప్పలేను. సైకిళ్లు గదిలోకి రానివ్వలేదు, మెట్ల కింద పెట్టమన్నారు. గొలుసు వేసి పెట్టినా నిద్ర పట్టలేదు. దుప్పట్లు మాసిపోయి ఉన్నాయి, వేడినీళ్లు అడిగితే పొద్దున ఎనిమిదయ్యాక అన్నారు. ముందే ఫోన్ చేసి సైకిళ్ల సంగతి అడగాల్సింది. పక్క హోటల్లో పొద్దున్నే దొరికిన వడ, ఘుగ్ని (బఠాణీ కూర) మాత్రం వేడివేడిగా, కడుపు నిండా తిన్నాం.

రెండో రోజు చంద్రగిరి. ఈ యాత్రలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. 1963 నుంచి టిబెటన్లు ఇక్కడ ఉంటున్నారు. ఇక్కడి జిరంగ్‌లోని పద్మసంభవ మహావిహార అనే బౌద్ధ ఆరామాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. టిబెటన్ల క్యాంపుల మధ్య మొక్కజొన్న చేల గట్ల వెంబడి మట్టిబాటలు ఉన్నాయి. గట్టి మట్టి, అక్కడక్కడా ఇసుక. ఇసుకలో నా 38 దిగబడిపోయింది, రెండుసార్లు దిగి నడిపించాను. బావ గేరు తగ్గించి కూర్చునే తొక్కుకుంటూ పోయాడు. కాలవ నీళ్లు పొర్లిన ఒక చోట మాత్రం అతనికీ కష్టమైంది. జిగురుమట్టి దగ్గర దగ్గరగా ఉన్న గుబ్బల మధ్య నిండిపోయి, 45 టైరు ఫ్రేముకు రాసుకోవడం మొదలైంది. అక్కడ బావ టైరుకూ ఫ్రేముకూ మధ్య సందు 3 మిల్లీమీటర్లే. పుల్లతో గీకి గీకి శుభ్రం చేశాం. ఫ్రేములో ఎంత పడితే అంత లావు వేసెయ్యకూడదు. రెండు పక్కలా కనీసం 5 మిల్లీమీటర్లు వదలాలి. వానాకాలంలో తొక్కేవాళ్లు ఇంకా ఎక్కువ వదిలి, గుబ్బలు ఎడంగా ఉన్న టైరు చూసుకోవాలి.

బస ఒక చిన్న గెస్ట్ హౌస్‌లో. గది చిన్నదే, కానీ శుభ్రంగా ఉంది. సైకిళ్లు వరండాలో పెట్టించి, కడుక్కోవడానికి పైపు కూడా ఇచ్చారు. రాత్రి వేడి థుక్‌పా (టిబెటన్ల నూడుల్స్ సూపు). చలి బాగా ఉంటుంది, స్వెట్టరు మర్చిపోవద్దు.

మూడో రోజు తప్తపాణి ఘాట్ దిగాం. పొద్దున మంచుకు తారు తడిగా ఉంది. తడి రోడ్డుకు గాళ్లు, గుబ్బలు ఉన్న టైరు కావాలని చాలామంది అనుకుంటారు. సైకిలు వేగానికి టైరు నీటి మీద తేలిపోదు, అందువల్ల తడి తారు మీద నున్నటి టైరుకు భయం లేదు. పట్టునిచ్చేది రబ్బరు మెత్తదనం, సరైన గాలి. ఆ దిగుడులో నా సైకిలే కుదురుగా ఉంది. బావ మలుపుల్లో గుబ్బలు వంగుతున్నట్టు అనిపించి బ్రేకులు ఎక్కువ వాడాడు. తప్తపాణిలో వేడినీటి బుగ్గ దగ్గర గంటసేపు ఆగాం. గంధకం వాసన వస్తుంది, అలవాటు పడితే ఏమీ అనిపించదు. టూరిజం వాళ్ల పంథనివాస్‌లో ఆ బుగ్గ నీళ్లను గది తొట్టెలోకే వదిలే సదుపాయం ఉంది. ఇంకో రాత్రి చేతిలో ఉంటే అక్కడే ఉండేవాళ్లం. తొక్కి తొక్కి పట్టేసిన కాళ్లకు అంతకంటే మంచి బస ఈ దారిలో లేదు. అక్కడి నుంచి దిగపహండి మీదుగా బరంపురం దాకా చదును రోడ్డు, ట్రాఫిక్ ఎక్కువ, చెప్పుకోవడానికేమీ లేదు. బావ ఇల్లు అక్కడే, అక్క అరిటాకులో భోజనం పెట్టింది. మర్నాడు ప్రైవేటు బస్సు టాపు మీద సైకిలు తాళ్లతో కట్టించి ఇంటికి చేరాను. గేరు వైపు పైకి ఉండేలా పడుకోబెట్టమని దగ్గరుండి చెప్పాలి, లేకపోతే డిరైలర్ (గేర్లు మార్చే భాగం) వంగిపోతుంది.

ఇంటికొచ్చాక వెడల్పు కొలిచే వెర్నియర్ పట్టుకుని కూర్చున్నాను. నా రిమ్ము లోపలి వెడల్పు 21 మిల్లీమీటర్లు. దాని మీద 38 అని రాసి ఉన్న టైరు 37 మాత్రమే వచ్చింది. అదే 25 రిమ్ము మీదైతే ఇంకాస్త వెడల్పుగా కూర్చునేది. టైరు మీద రాసిన అంకె కంటే మన రిమ్ము మీద కొలిచిన అంకెనే నమ్మాలి. ఇప్పుడు ముందు చక్రానికి 42, చిన్న గుబ్బలది. దారి తప్పేది ముందు చక్రమే, దానికి పట్టు కావాలి. వెనక 40, సెమీ స్లిక్, అంచు గుబ్బలతో. రెండూ ట్యూబ్‌లెస్. గాలి ముందు 30, వెనక 34. ఫోర్కులో రెండు పక్కలా 6 మిల్లీమీటర్లు మిగిలింది, వెనక 5. మొన్న ఆదివారం గండాహతి దారిలో అలాంటి మొరం మలుపులే తిరిగి వచ్చాను, ముందు చక్రం ఒక్కసారి కూడా జారలేదు.