బిర్యానీ ఆకు మొక్క అని బోర్డు ఉంటే ముందు ఆకు నలిపి చూడండి

మొక్కలకి నాలుగు స్టార్లు, బోర్డులకి ఒకటి, అన్నీ కలిపి మూడు ఇస్తున్నా. బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు నర్సరీల్లో ఇది కాస్త పెద్దదే. లోడు కడియం నుంచి వస్తుందంట, పనిచేసే కుర్రాళ్ళు కూడా ఎక్కువమంది గోదావరి వాళ్ళే, మనం మన ఇంట్లోవాళ్ళతో తెలుగులో మాట్లాడటం వినగానే "ఏం కావాలండీ" అంటూ వచ్చేస్తారు.

నేను వెళ్ళింది బిర్యానీ ఆకు చెట్టు కోసం. మాది 30×40 సైటు, గేటు పక్కన కొంచెం మట్టి జాగా వదిలాం, అక్కడ ఏడాదంతా పచ్చగా ఉండేది, ఒకేసారి ఆకంతా రాల్చి మోడైపోకుండా ఉండేది, వంటకీ పనికొచ్చేది ఏదైనా వేద్దామని. ఇక్కడ "బిర్యానీ లీఫ్" అని ఒక్కటే బోర్డు పెట్టి దాని కింద మూడు రకాల మొక్కలు కలిపేసి పెట్టారు. నా కంప్లయింట్ అంతా దీని గురించే.

దగ్గరికెళ్ళి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఒకదానికి ఆకు కాడ దగ్గర్నుంచే మూడు ఈనెలు విడిపోయి నిలువుగా చివరిదాకా వెళ్తున్నాయి, లేత చిగురు ఎర్రగా ఉంది, నలిపితే దాల్చినచెక్క వాసన. అది దాల్చిన జాతి. కిరాణా షాపులో మనం కొనే ఎండు బిర్యానీ ఆకుకి కూడా ఇలాగే మూడు ఈనెలుంటాయి చూడండి, అది హిమాలయాల దిగువన, మేఘాలయ వైపు పెరిగే తేజ్‌పత్తా, దాల్చినచెక్క చెట్టుకి దగ్గర చుట్టం. రెండోది ఆల్‌స్పైస్, మధ్యలో ఒక్కటే పెద్ద ఈనె, ఆకు మందంగా నున్నగా ఉంటుంది, నలిపితే లవంగం నమిలినంత ఘాటు. లవంగానికి ఆ ఘాటు వాసననిచ్చే యూజినాల్ అనే పదార్థం దీని ఆకులోనూ ఉంటుంది మరి. దీని సొంతూరు జమైకా, మెక్సికో ప్రాంతం. మూడోది బే లారెల్, మధ్యధరా దేశాలది, చిన్న కుండీలో రెండే రెండు కొమ్మలు, రేటు మాత్రం మిగతావాటికి మూడింతలు.

ఇందులో అసలు బిర్యానీ ఆకు ఏది బాబూ అంటే "అన్నీ బిర్యానీ ఆకులేనండి, ఏదేసినా గుమగుమలాడిపోద్దండి" అన్నాడు కుర్రాడు. నవ్వొచ్చింది కానీ, ఏళ్ళ తరబడి ఇంటి ముందు ఉండాల్సిన చెట్టు కదా, ఏం కొంటున్నామో తెలియాలి కదా. ఓనరుగారైతే ఆల్‌స్పైస్ చూపించి దీంట్లో అన్ని మసాలాలూ ఉన్నాయి, రెండేళ్ళలో కాయలు కూడా కాస్తుంది మేడమ్ అన్నారు. కాయల మాట నమ్మి మాత్రం కొనకండి. వీటిలో ఆడచెట్టు వేరు మగచెట్టు వేరు, చిన్న మొక్కని చూసి ఏదో చెప్పడం కుదరదు, ఒక్కటే వేసుకుంటే ఆకుతో సరిపెట్టుకోవడమే.

అయినా నేను తీసుకున్నది ఆల్‌స్పైసే, తెలిసే తీసుకున్నా. దాల్చిన మొక్కల ఆకుల మీద చిన్న చిన్న బొబ్బల్లాంటివి లేచి ఉన్నాయి, అది నల్లి పురుగు పని, అలాంటిది ఇంటికి తేవడం ఇష్టంలేదు. ఆల్‌స్పైస్ మాత్రం నిగనిగలాడుతూ ఉంది, కాండం గట్టిగా, మొదట్లోంచే కొమ్మలు, ఆకు తిప్పి చూస్తే వెనక పిండినల్లి లేదు. రేటు 300 చెప్పి 250కి ఇచ్చారు, మొక్క చూస్తే న్యాయమే.

ఒకటి మాత్రం వాళ్ళు చెప్పరు, మనమే చూసుకోవాలి. కవరు కోస్తే లోపల వేర్ల చుట్టూ బంకమట్టి ముద్ద, ఎండిందంటే ఇటుకే. దాన్ని అలాగే మన ఎర్రమట్టిలో పాతేస్తే పోసిన నీళ్ళు చుట్టూ జారిపోతాయి, లోపల వేరుకి అందవు. నేను ముద్దని బకెట్ నీళ్ళలో కాసేపు నానబెట్టి, పైపై మట్టి వేళ్ళతో మెల్లగా విడదీసి, వేరు తెగకుండా ఎర్రమట్టి, పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి పెట్టా. మొదట్లో ఆకు అంచులు మాడాయి, మా బోరు నీళ్ళు మరీ ఉప్పు, వాన నీళ్ళు పట్టి పోయడం మొదలెట్టాక కొత్త చిగుళ్ళు శుభ్రంగా వచ్చాయి. ఇది నేలలో వదిలేస్తే ముప్పై అడుగులు దాటే చెట్టు, కాబట్టి గోడకి ఆనించి వేయకండి, తల తుంచుతూ గుబురుగా ఉంచుకోవచ్చు, అపార్ట్‌మెంట్ వాళ్ళయితే పెద్ద డ్రమ్ములో పెట్టుకోవచ్చు.

వంటలో అయితే పచ్చి ఆకు ఒక్కటి చాలు, చించి నూనెలో వేయగానే వంటింటి నిండా లవంగం వాసన. మా అత్తగారు మామూలుగా బిర్యానీ ఆకు వేసే లెక్కన నాలుగు వేశారు, ఆ రోజు పలావు మందులాగా ఉంది. అన్నంలో కూడా లవంగాలు వేయడం మానేసి ఈ ఆకే వేస్తున్నాం ఇప్పుడు, ఉడికాక తీసి పడేయాలి. అచ్చం షాపు బిర్యానీ ఆకు రుచే కావాలంటే మాత్రం ఇది కాదు, మూడు ఈనెల మొక్కే బొబ్బల్లేనిది చూసి ఏరుకోండి, దాని ఆకు నీడలో ఆరబెట్టి వాడుకోవాలి.

ఆదివారం వెళ్ళకండి, పార్కింగ్ దొరకదు, కుర్రాళ్ళకి మాట్లాడే తీరిక ఉండదు. డెలివరీ ఉంది కానీ వాళ్ళు పంపే మొక్కే తీసుకోవాలి, ఆ బోర్డుల్ని చూశాక నేనైతే రిస్కు తీసుకోను.