వార్డు సిస్టర్ లెక్కలో మా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్: అయిదుకు మూడున్నర

నేను 60 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌ని. పంతొమ్మిదేళ్ల సర్వీసు. మా కేసు షీట్లు కంప్యూటర్‌లోకి మారడం మొదలై పద్నాలుగు నెలలయింది. కంపెనీ పేరు రాయను, వాళ్లతో నాకు రోజూ పని పడుతుంది. ఇలాంటిది కొనబోతున్న వాళ్లు డెమో చూసి మురిసిపోకముందే ఈ నాలుగు ముక్కలు చదివితే మేలు. డెమోలో రోగి ఒక్కడే ఉంటాడు, వాడికి జ్వరం ఒక్కటే ఉంటుంది, కరెంటు అసలు పోదు.

ముందు మంచి చెబుతాను. ఈ శ్రావణంలో ఒక రాత్రి రెండు దాటాక ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. న్యుమోనియా. ఆయాసంతో మాట పెగలడం లేదు. వెంట వచ్చిన మనవడికి ఆవిడ మందుల సంగతి ఏమీ తెలియదు. డ్యూటీ డాక్టర్ కొత్త కుర్రాడు, అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఇంజెక్షన్ ఆర్డరు పెట్టాడు. వెంటనే తెర మీద అడ్డంగా ఎర్రపట్టీ వచ్చింది: పెన్సిలిన్ పడదు, ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు. అయిదు నెలల కిందట కాలి పుండుతో చేరినప్పుడు ఆ వివరం ఎక్కించింది నేనే. "సిస్టర్ గారూ, ఇది నిజమేనా?" అన్నాడు. "నిజమే సార్, మందు మార్చండి" అన్నాను. ముందు కొంచెం మందు వేసి చూసే టెస్ట్ డోస్ ఉంది కదా అంటారేమో, పడదని తెలిసిన మనిషికి టెస్ట్ డోస్ కూడా ప్రమాదమే. పాత రోజుల్లో అయితే ఆ కేసు షీట్ రికార్డు రూములో ఏదో కట్టలో ఉండేది, రూము తాళం గుమాస్తా దగ్గర ఉండేది, గుమాస్తా ఇంట్లో నిద్రపోతుండేవాడు.

అయితే ఆ ఎర్రపట్టీ ఊరికే రాలేదు. మొదట్లో అందరం "పెన్సిలిన్ పడదు" అని నోట్సులో రాసి వదిలేసేవాళ్లం. నోట్సు మనుషులు చదవడానికే, యంత్రం అటు చూడదు. అలర్జీకి వేరే గడి ఉంది. అందులో మందును జాబితాలోంచి ఎంచుకుని పెడితేనే ఆర్డరు వేళ పోల్చి చూస్తుంది. ఈ మాట రెండు రోజుల శిక్షణలో ఎవరూ చెప్పలేదు. ఆ రెండు రోజులూ హాలులో తెర మీద బొమ్మలు చూపించి, టీ, సమోసాలు పెట్టి పంపారు. గడుల సంగతి చెప్పింది కంపెనీ నుంచి తర్వాత వచ్చిన ఒక కుర్రాడు. వారం రోజులు రాత్రి డ్యూటీలో మా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేము ఎక్కువగా వాడే మందులన్నీ జాబితా పైకి తెచ్చాడు, ఒక ఇంజెక్షన్‌కు పదకొండు సార్లు నొక్కాల్సిన చోట నాలుగుకు దించాడు. నేనిచ్చిన మూడున్నర మార్కుల్లో ఒకటి అచ్చంగా అతనిదే.

మొదలుపెట్టిన తీరు మాత్రం దారుణం. డెంగ్యూ జ్వరాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, అదీ ఒక సోమవారం, ఓపీ, ల్యాబ్, ఫార్మసీ, వార్డులు అన్నీ ఒక్కసారే మార్చేశారు. ఓపీ వరస స్కూటర్ల స్టాండు దాకా వచ్చింది. మూడో రోజు పెద్ద డాక్టర్ గారు కీబోర్డు పక్కకు తోసి చీటీల కట్ట అడిగారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి ఆసుపత్రిలో కంప్యూటర్లు కొత్త కాదు గానీ వాటి ముందు కూర్చునేది ఆరోగ్యమిత్రలు, బిల్లింగ్ వాళ్లు. వార్డులో మాకు దాంతో పనే ఉండేది కాదు. చివరికి యాజమాన్యం వెనక్కి తగ్గింది. ముందు రిజిస్ట్రేషన్, ల్యాబ్. నెల తర్వాత ఫార్మసీ. ఆ పైన ఒక్కో వార్డు. ప్రతి వార్డులో ఒక సిస్టర్‌కు మూడు వారాలు రోగుల పని తప్పించి, మిగతావాళ్లకు నేర్పే పని అప్పగించారు. మనిషి తక్కువయిందని గొణిగినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఇది నిలబడింది ఆ మూడు వారాల వల్లే.

పేర్ల గొడవ మాత్రం ఇంకా తీరలేదు. లక్ష్మి అనే పేరును ఇంగ్లిషులో ఒకరు ఒకలా కొడతారు. ఒకే మనిషికి మూడు నంబర్లు, మూడు చరిత్రలు. ఫోను నంబరుతో వెతుకుదామంటే ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు (ఒక్కో మనిషికి ఒక ఆరోగ్య గుర్తింపు నంబరు) ఉన్నవాళ్లతో ఈ చిక్కు చాలా తగ్గింది. కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వివరాలు సరిగ్గా వచ్చేస్తాయి. లేనివాళ్లకు అక్కడే చేయిద్దామంటే, ఆధార్‌కు ఇచ్చిన ఫోను బెంగళూరులో ఉన్న కొడుకు దగ్గర ఉంటుంది. ఓటీపీ అతనికి వెళుతుంది, అతను మీటింగులో ఉంటాడు.

ఇక మార్కులు ఎక్కడ కోశానో చెబుతాను. నిన్నటి నోట్సును ఒక్క నొక్కుతో ఇవాళ్టికి తెచ్చుకునే సౌకర్యం ఇచ్చారు. దాంతో యూరిన్ పైపు తీసేసిన మూడు రోజుల తర్వాత కూడా రౌండ్స్ నోట్సులో పైపు ఉంది. రోగి మాత్రం బాత్‌రూముకు నడిచి వెళుతున్నాడు. రెండోది, లాగిన్ అవడానికి పట్టే సమయం. అది భరించలేక ఒకరి పాస్‌వర్డ్‌తో అందరూ పనిచేసిన రోజులున్నాయి, చీటీ మానిటర్‌కే అంటించి ఉండేది. ఒక ఇంజెక్షన్ బిల్లు మీద గొడవ వచ్చి చూస్తే, ఆ రాత్రి సెలవులో ఉన్న సిస్టర్ ఇచ్చినట్టు పడింది. ఇప్పుడు వేలిముద్ర పెట్టారు. ఈ పని మొదటి రోజే చేయాల్సింది.

మూడోది నెట్. రోడ్డు తవ్వి కేబుల్ తెంపిన రోజు నాలుగు గంటలు ఏమీ తెరుచుకోలేదు. ఇప్పుడు ఆరు గంటలకోసారి ప్రతి రోగి మందుల జాబితా వార్డు కంప్యూటర్‌లో దిగి ఉంటుంది, ప్రింటు తీసుకుంటే సరిపోతుంది. అయినా ఒక జాగ్రత్త చెప్పాలి. రెండింటికి ఇచ్చిన మందును నెట్ వచ్చాక ఆరింటికి ఎక్కిస్తే, ఆరింటికి ఇచ్చినట్టే పడుతుంది. వేళ మనమే దిద్దాలి. మరిచిపోతే తర్వాతి డ్యూటీ సిస్టర్ ఆ వేళనే లెక్కపెట్టి, తర్వాతి డోసును కూడా ఆలస్యంగా ఇస్తుంది.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న వేయండి: రేపు మేము మిమ్మల్ని మానేస్తే మా రికార్డులు ఏ రూపంలో తిరిగిస్తారు? చేరిన రోగుల రికార్డులు కనీసం మూడేళ్లు ఉంచాలనీ, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. కంపెనీ మారితే ఆ బాధ్యత మారదు. మా వాళ్లు ఈ ప్రశ్న పద్నాలుగో నెలలో అడిగారు. ఈమెయిల్‌లో జవాబిస్తామన్నారట. వారం నుంచి చూస్తున్నారు.