సి డ్రైవ్ నిండితే: ఫోల్డర్లు జరపాలా, పెద్ద ఎస్‌ఎస్‌డీ వేయాలా?

హన్మకొండలో మా ఇంటి కంప్యూటర్‌లో 128 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజ్ డిస్క్; విండోస్ ఉండే సి డ్రైవ్ ఇదే), పక్కన పాత హార్డ్‌డిస్క్ (డి డ్రైవ్) ఉన్నాయి. మేడారం జాతర వీడియోలు ఎక్కించగానే సి డ్రైవ్ ఎర్రగా మారింది.

ఖర్చు: ఫోల్డర్లు సి నుంచి డి డ్రైవ్‌కు జరపడానికి పైసా అక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీకి డబ్బు పెట్టాలి, షాపులో వేయిస్తే కూలి అదనం.

శ్రమ: డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్. అంతే. డాక్యుమెంట్స్, పిక్చర్స్‌కూ ఇదే పద్ధతి. ముందుగా డి డ్రైవ్‌లో ఒక్కోదానికి విడి ఫోల్డర్ చేసుకోండి. నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే తర్వాత వెనక్కి తేవడం పెద్ద టెన్షన్. ఎస్‌ఎస్‌డీ అయితే పాతదాన్ని మొత్తం క్లోన్ చేయాలి, అంటే ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేయాలి, లేదా విండోస్ మళ్లీ వేసుకోవాలి.

రిస్క్: ప్రోగ్రామ్ ఫైల్స్‌ను, యూజర్స్ ఫోల్డర్ మొత్తాన్ని మాత్రం జరపొద్దు, విండోస్ అప్‌డేట్లు దెబ్బతింటాయి. ఏ దారైనా ముందు బ్యాకప్ తీయండి. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోయే సాయంత్రాల్లో అసలు మొదలుపెట్టకండి.

ఫొటోలు, వీడియోలతో నిండితే జరపండి, చాలు. విండోస్, ప్రోగ్రాములతోనే నిండితే ఎంత జరిపినా మళ్లీ నిండుతుంది, ఎస్‌ఎస్‌డీ కొనండి. మీ కంప్యూటర్‌లో డి డ్రైవ్ కూడా సి డ్రైవ్ ఉన్న డిస్క్‌లోనే భాగమైతే, డిస్క్ పాడైన రోజు రెండూ పోతాయి. పిల్లల ఫొటోలకు ఇంకో కాపీ బయట ఉంచండి.