రెండు పెట్టెల డిటెక్టర్: ఐదు కోతల సీజన్ల వాడకం తర్వాత

నేలలోని లోహాన్ని మోతతో పట్టించే మిషన్ ఇది. పొడుగాటి కడ్డీకి ఒక కొసన సంకేతం పంపే ట్రాన్స్‌మిటర్ పెట్టె, రెండో కొసన దాన్ని అందుకునే రిసీవర్ పెట్టె. చూసినవాళ్లకు ముందు కావడే గుర్తొస్తుంది. దక్షిణ ఒడిశాలోని బరంపురం, ఛత్రపూర్ మడుల్లోనూ, పర్లాకిమిడి పల్లపు నేలల్లోనూ, రాయగడ, కొరాపుట్ ఎర్రమట్టి మెట్టల మీదా ఐదు సీజన్లు తిప్పాక చెబుతున్న మాటలివి. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన శకలాలు, ఇంజన్లు, పీపాల్లాంటి పెద్ద సరుకు వెతికేవాళ్లకే ఇది పనికొస్తుంది. నాణేలు, ఉంగరాలు కావాలంటే మామూలు గుండ్రని కాయిల్ డిటెక్టర్ కొనుక్కోండి.

దీని గొప్పంతా చిన్నవాటిని పట్టించుకోకపోవడంలోనే ఉంది. మన పొలాల్లో నాగటి కర్రు ముక్క, ఎడ్ల నాడా, సీసా మూత, గుట్కా పొట్లం రేకు లేని చోటు ఉండదు. కాయిల్ డిటెక్టర్ అడుగడుక్కీ అరుస్తుంది. దీనికి మాత్రం అరచేతికన్నా చిన్నది దాదాపు కనబడదు. బదులుగా లోతు దొరుకుతుంది, కానీ డబ్బా మీద రాసినంత కాదు. తెలిసిన లోతులో ఖాళీ డ్రమ్ము పాతి చూస్తే, ఒండ్రు మడిలో ఐదారు అడుగుల దాకా నమ్మకంగా పలికింది. బకెట్టంత వస్తువైతే మూడడుగులకే గొంతు పడిపోయింది. రేకు అడ్డంగా పడుకుని ఉంటే బాగా పలుకుతుంది. నిలువుగా దిగబడితే పక్కనుంచి నడిచి వెళ్లినా తెలియకపోవచ్చు. అందుకే ఒకే చెక్కను ఉత్తరం దక్షిణంగా ఒకసారి, తూర్పు పడమరగా ఇంకోసారి నడవాలి. గజం ఎడంలో తాళ్లు కట్టుకుని, పలికిన చోటల్లా వెదురు పుల్ల గుచ్చుకుంటూ పోవాలి.

కొత్తవాళ్లు చతికిలబడేది సున్నా సరిచేసే దగ్గర, అంటే కింద లోహం లేనప్పుడు మోత అణిగేలా మిషన్‌ను కుదిర్చే దగ్గర. ఫోను, తాళాలు, బెల్టు బకిలు దూరంగా పెట్టి, ఇనుము లేదని తెలిసిన నేల మీద కడ్డీని సమమట్టంగా పట్టుకోవాలి. మోత పూర్తిగా ఆగిపోయేదాకా మర తిప్పకూడదు. చెవికి సన్నగా తుమ్మెద రొద వినపడే చోట మర ఆపాలి. పూర్తిగా ఆపేస్తే లోతైన వస్తువు ఇచ్చే చిన్న సంకేతం ఆ నిశ్శబ్దంలోనే మునిగిపోతుంది. ఎండ ముదిరేకొద్దీ సున్నా జరుగుతుంది కాబట్టి అరగంటకోసారి చూసుకోవాలి. నడకలో ముందు పెట్టె కిందికి వాలినా, గట్టు ఎక్కినా, తడి మడిలోంచి పొడి మడిలోకి దిగినా అబద్ధపు మోత వస్తుంది. కోత అయి, కొయ్యకాళ్లుండి, కాలు దిగబడని పుష్య మాఘాలే దీనికి సరైన కాలం.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది బోరు కేసింగు పైపు. తర్వాత పంపుసెట్టు కేబులు. మోత ఒకే గీతలో సాగిపోతుంటే అది పైపో తీగో. కూలిన విమానం అలా ఉండదు, అతుకులు అతుకులుగా పలుకుతుంది. పదకొండు కేవీ కరెంటు లైను కింద మాత్రం మిషన్ ఆపేసి పక్కకు వెళ్లడమే మేలు.

కొరాపుట్ వైపు కథ వేరు. లాటరైటు, ఖోండలైటు అనే రాళ్లుండే ఆ నేలలో ఇనుపధాతువు ఎక్కువ. సున్నా ఒకచోట సరిచేస్తే పది గజాల్లో తప్పుతుంది, లోతు సగానికి పడిపోతుంది. అయినా రాతిగుట్ట మీద పడ్డ విమానం లోతుకు దిగదు, ముక్కలు పైపైనే చెదురుతాయి. అక్కడ కళ్లే డిటెక్టర్. గోపాల్‌పూర్, ఛత్రపూర్ ఇసుక తీరం ఇంకా తంటా. ఇల్మనైటు, గార్నెట్ అనే ఖనిజాలు కలిసిన ఆ నల్లిసుక పొర మీద మిషన్‌ను నమ్మలేం. పైగా గోపాల్‌పూర్‌లో సైన్యం వైమానిక రక్షణ కళాశాల, దాని ఫైరింగ్ రేంజి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల మిషన్ బయటికి తీయనే వద్దు.

ఇనుమును అయస్కాంత గుణంతో పసిగట్టే మాగ్నెటోమీటర్ ఉంటే చాలదా అని అడుగుతారు. చాలదు. విమానం ఒళ్లంతా అల్యూమినియం మిశ్రమం, మాగ్నెటోమీటర్‌కు అది కనబడదు. ఇంజన్‌లోని ఉక్కు క్రాంక్‌షాఫ్ట్, కవచ పలక, తుపాకులు మాత్రం పట్టిస్తుంది. రెండూ తిప్పితే మంచిది: కావడి పలికి మాగ్నెటోమీటర్ పలక్కపోతే రేకు, రెండూ పలికితే ఉక్కుండే భాగమో పాత డ్రమ్మో.

బయటికొచ్చిన రేకుకు రివెట్లున్నంత మాత్రాన విమానం అనుకోకండి, పాత బస్సు బాడీకీ ఉంటాయి. చదునుగా రేకులోకి దిగిన రివెట్లు, లోపలి వైపు పసుపు కలిసిన ఆకుపచ్చ జింక్ క్రోమేట్ పూత, సిరాతో అచ్చేసిన పార్టు నంబరు వెతకండి. ఆ పూతను గీకకూడదు, దాని ధూళి విషం. చీకట్లో మెరిసేలా చేసిన పాత డయళ్లలో రేడియం ఉంటుంది, అద్దం తీయవద్దు.

తూటా, షెల్లు, గుండును పేల్చే ఫ్యూజు లాంటిది కనబడితే పార అక్కడే వదిలేసి, జాగా గుర్తుపెట్టుకుని పోలీసులకు చెప్పండి. పేలని గుండు పాతబడితే మెత్తబడదు, ఇంకా ప్రమాదకరంగా మారుతుంది. గునపంతో పొడిచి చూడటం అనే అలవాటును ఈ పనిలో పూర్తిగా మానాలి. ఎముకలు కనబడినా అంతే, తవ్వకం ఆపేయాలి. భూమి యజమాని రాతపూర్వక అనుమతి, స్టేషన్‌లో ముందస్తు కబురు లేకుండా కదలొద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. మావోయిస్టుల మందుపాతరలు చూసిన మల్కనగిరి వైపు అడవుల్లో ఈ కావడితో తిరిగితే ఏం వెతుకుతున్నారని ఎవరైనా ఆపుతారు, వాళ్లది తప్పుకాదు.

మిషన్‌లో లోపాలు రెండు. కడ్డీ బిగించే రెక్కల నట్టు వదులై పెట్టె వెంట్రుకవాసి తిరిగినా సున్నా పోతుంది. స్ప్రింగ్ వాషర్ వేసి, సరైన స్థానంలో పెయింటు గీత గీసుకుంటే తీరింది. తీరం గాలికి బ్యాటరీ తగిలే కాంటాక్టు రేకులు పచ్చబారతాయి. రోజూ గుడ్డతో తుడిచి, సీజన్ అయ్యాక సెల్స్ తీసేయాలి.

ఇక పాత సైనిక సామాను కోసమే అయితే ఇంత డబ్బు పెట్టక్కర్లేదు. నేటి రక్షణ శాఖ తుక్కు ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నడిపే ఈ-వేలంలో వస్తుంది. పాతది గుజిరీ కొట్లలో చూడొచ్చు. యుద్ధకాలంలో రన్‌వేలకు పరిచిన చిల్లుల ఉక్కు పలక ఎదురైతే టేపు తీయండి. పది అడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, మూడు వరుసల్లో 29 చొప్పున 87 చిల్లులు ఉంటే అసలుదే. కొత్తలో దాని బరువు 66 పౌండ్లు. తుప్పు తిన్నాక తగ్గుతుంది, గుజిరీవాడు మాత్రం ఈనాటి తూకానికే బేరం ఆడతాడు.